ఆర్‌లో లూప్ ఫలితాలు ఎందులో దాచుకోవాలి: వెక్టరా, మ్యాట్రిక్సా, లిస్టా, ఫైలా?

ఆర్‌లో (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) ఫర్ లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్, రాయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. లూప్ తిరుగుతుంది, స్క్రీన్ మీద అంకెలు గబగబా వెళ్లిపోతాయి, అయిపోయాక చూస్తే చేతిలో ఆఖరి రౌండు ఫలితం ఒక్కటే మిగిలి ఉంటుంది. ఒంగోలు, నెల్లూరు వైపు ప్రాజెక్టులు చేసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే: "అన్నా, లూప్ బాగానే తిరుగుతోంది గానీ అన్నీ ఒకచోటికి రావట్లేదు, ఎట్టా?" ఒకచోటికి తేవడానికి దారులు చాలా ఉన్నాయి, ఆ చాలా ఉండటమే తలనొప్పి. ఒక వీడియోలో సి() (విలువల్ని అతికించే ఫంక్షన్) అంటాడు, ఇంకో వీడియోలో అది మహాపాపం, ల్యాప్లై (లూప్ పనే చేసిపెట్టే ఫంక్షన్) వాడండి అంటాడు, మూడోవాడు ఫర్ లూపే రాయకూడదంటాడు.

నా లెక్క సింపుల్. ఒక్కో రౌండు మీకు ఏం ఇస్తోంది అన్నది ముందు చూసుకోండి. ఒక్క అంకె ఇస్తోందా, ప్రతిసారీ అన్నే అంకెలు ఇస్తోందా, పేర్లూ అంకెలూ కలిసిన వరస ఇస్తోందా, లేకపోతే మోడల్ లాంటి పెద్ద వస్తువా? దాన్నిబట్టి డబ్బా ఎంచుకోవాలి: వెక్టర్ అంటే ఒకే జాతి విలువల వరస, మ్యాట్రిక్స్ అంటే అంతా ఒకే జాతి ఉన్న పట్టిక, డేటాఫ్రేమ్ అంటే కాలమ్‌కో జాతి ఉండగల పట్టిక, లిస్ట్ అంటే ఒక్కో అరలో ఏదైనా పట్టే డబ్బా. స్పీడు సంగతి దాని తర్వాతే. ఏమీ తేలకపోతే లిస్ట్‌లో వేసుకుని, లూప్ అయిపోయాక ఒక్కసారే అతికించండి, పదింట తొమ్మిదిసార్లు అదే సరిపోతుంది.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మన ఒంగోలు, నెల్లూరు వైపు పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి కదా, ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీ పల్లి. ఒక్కో కేంద్రానికి ఒక్కో సీఎస్వీ ఫైలు ఉందనుకోండి, అందులో తేదీ, బేలు నంబరు, బరువు, గ్రేడు, కిలో ధర. లూప్ ఒక్కో ఫైలూ చదివి సగటు ధర తీయాలి. (బేళ్ల ధరలకు వట్టి సగటు తీయకండి, బరువుతో తూచిన సగటు తీయండి, వెయిటెడ్.మీన్ అని ఫంక్షనే ఉంది. ఇది లూప్ సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను.) కోడ్ ముక్కలు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నా, కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టుకోండి.

ఇంకో మాట. అన్ని కేంద్రాల డేటా ఇప్పటికే ఒకే డేటాఫ్రేమ్‌లో ఉంటే మీకు లూప్ అక్కర్లేదు. ట్యాప్లై గానీ, డీప్లయర్ (ఆర్‌కి అదనంగా వేసుకునే ప్యాకేజీ)‌లో గ్రూప్_బై, సమ్మరైజ్ గానీ ఒక్క లైన్లో తేల్చేస్తాయి. లూప్ కావాల్సింది ఫైళ్లు విడివిడిగా ఉన్నప్పుడు, సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో పుట్టించిన డేటాతో పదేపదే ప్రయోగం) చేసేటప్పుడు, బూట్‌స్ట్రాప్‌కి (ఉన్న డేటా నుంచే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసే పద్ధతి), గ్రూపుకో మోడల్ వేసేటప్పుడు.

అతికించుకుంటూ పోవడం

అందరూ మొదట రాసేది ఇదే. పైన ఖాళీగా రెస్ <- సి() అని పెట్టి, లూప్ లోపల రెస్ <- సి(రెస్, కొత్తది). డేటాఫ్రేమ్ అయితే రెస్ <- ఆర్‌బైండ్(రెస్, కొత్త_వరస). ఇది పనిచేస్తుంది, ఫలితమూ తప్పు రాదు, మన ఎనిమిది కేంద్రాలకు ఇట్టా రాసినా నేనేమీ అనను.

ఇబ్బంది రౌండ్లు పెరిగినప్పుడు వస్తుంది. సి() అన్న ప్రతిసారీ ఆర్ కొత్త వెక్టర్ తయారు చేసి, పాతవన్నీ అందులోకి కాపీ చేసి, చివర్న కొత్తది పెడుతుంది. ఒక్క బేలు వచ్చినప్పుడల్లా గోడౌన్ మొత్తం ఖాళీ చేసి పక్క గోడౌన్‌కి మోసి, ఆఖర్న ఆ కొత్త బేలు పెట్టినట్టన్నమాట. 1,000 రౌండ్లకు సుమారు 5 లక్షల విలువలు కాపీ అవుతాయి, 10,000 రౌండ్లకు సుమారు 5 కోట్లు. రౌండ్లు 10 రెట్లు పెరిగితే మోత 100 రెట్లు పెరుగుతుంది.

అయితే ఇక్కడ ఊరికే భయపెట్టేవాళ్లు ఎక్కువ. వట్టి అంకెల వెక్టర్‌కి 5 కోట్ల కాపీలు ఇప్పటి ల్యాప్‌టాప్‌కి పెద్ద లెక్క కాదు. పైగా 2017లో వచ్చిన 3.4.0 వెర్షన్ నుంచి, రెస్[ఐ] <- విలువ అని వెక్టర్ చివర దాటి రాస్తే ఆర్ ఇంకాస్త జాగా అదనంగా తీసి పెట్టుకుంటుంది, అందుకని ప్రతిసారీ మొత్తం కాపీ చేయాల్సిన పని ఉండదు. సి()తో అతికిస్తే మాత్రం ఆ మేలు లేదు. నొప్పి నిజంగా తెలిసేది డేటాఫ్రేమ్‌ని ఆర్‌బైండ్ చేసుకుంటూ పోయినప్పుడు, ఎందుకంటే ప్రతి రౌండులోనూ కాలమ్‌ల పేర్లు సరిచూడాలి, టైపులు కలపాలి, ఫ్యాక్టర్ (వర్గాల కాలమ్) లెవెల్స్ కలపాలి, వరసల పేర్లు మళ్లీ కట్టాలి, అదంతా అయ్యాక మొత్తం కాపీ. కొన్ని వేల రౌండ్ల సిమ్యులేషన్‌ని ఇట్టా రాస్తే మొదట్లో చకచకా పోయి, పోనుపోను నత్తనడక నడుస్తుంది. మీ లూప్ రానురాను నెమ్మదిస్తోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఒక్క అంకె, లేదా ప్రతిసారీ అన్నే అంకెలు

రౌండుకి ఒక్క అంకె అయితే ముందే జాగా తీసి పెట్టుకోండి:

సగటు <- రెప్(ఎన్ఏ_రియల్_, లెంగ్త్(ఫైళ్లు))

లూప్ లోపల సగటు[ఐ] <- ... అంతే. చాలామంది న్యూమరిక్(ఎన్) అని రాస్తారు, అది సున్నాలతో నిండి వస్తుంది. నేను ఎన్ఏ (విలువ లేదు అనే గుర్తు) అంటున్నది పట్టుదల కొద్దీ కాదు. వేలం జరగని కేంద్రం ఒకటి ఉందనుకోండి, లూప్ దాన్ని నెక్స్ట్ అని దాటేసింది. ఆ గడిలో సున్నా ఉండిపోతే, తర్వాత మీరు తీసే జిల్లా సగటు ఢామ్మని పడిపోతుంది, ఎవరూ గమనించరు. ఎన్ఏ ఉంటే మొత్తం ఫలితమే ఎన్ఏ అని వస్తుంది, అప్పుడు వెనక్కి వెళ్లి చూస్తారు.

లూప్ తలకాయలో 1:లెంగ్త్(ఫైళ్లు) అని కాకుండా సీక్_అలాంగ్(ఫైళ్లు) అని రాయండి. ఫోల్డర్ పేరు తప్పు కొడితే లిస్ట్.ఫైల్స్ ఖాళీ జాబితా ఇస్తుంది, అప్పుడు 1:0 అంటే ఆర్ లెక్కలో 1, 0 అని రెండు రౌండ్లు! లూప్ తిరగకుండా ఊరుకోవాల్సింది పోయి, లేని ఫైలు చదవబోయి సంబంధం లేని ఎర్రర్ ఇస్తుంది. సీక్_అలాంగ్ అయితే గమ్మున ఒక్క రౌండు కూడా తిరగదు.

ప్రతి రౌండూ ఖచ్చితంగా మూడే అంకెలు ఇస్తుంటే, అంటే కనిష్ఠ, సగటు, గరిష్ఠ ధరలు అనుకోండి, మ్యాట్రిక్స్ బ్రహ్మాండంగా ఉంటుంది. మ్యాట్రిక్స్(ఎన్ఏ_రియల్_, ఎన్, 3) అని పెట్టి రెస్[ఐ, ] <- అని నింపుకోవడమే. బూట్‌స్ట్రాప్‌కి నేను ఇదే వాడతా. 10,000 రౌండ్లు, రౌండుకి 3 అంకెలు, అంకెకి 8 బైట్లు, మొత్తం చూసుకుంటే సుమారు 240 కేబీ, ఫోన్లో తీసిన ఒక్క ఫోటో అంత కూడా లేదు. కోల్‌మీన్స్ నేరుగా, క్వాంటైల్ ఒక్కో కాలమ్ మీద వేసేయొచ్చు.

మ్యాట్రిక్స్‌కి ఒకటే షరతు, అందులో అంతా ఒకే జాతి ఉండాలి. అంకెల మ్యాట్రిక్స్‌లో "కొండపి" అని ఒక్క గడిలో రాస్తే చాలు, ఆ క్షణం నుంచి అందులోని అంకెలన్నీ అక్షరాలైపోతాయి, హెచ్చరిక కూడా రాదు. కేంద్రాల పేర్లు రోనేమ్స్‌లో పెట్టండి, లేదంటే విడిగా ఒక వెక్టర్‌లో ఉంచుకోండి. పేర్లూ అంకెలూ ఒకే వరసలో కావాలంటే మ్యాట్రిక్స్ మీ పని కాదు, కింద లిస్ట్ దగ్గరికి రండి.

మరి ముందే ఖాళీ డేటాఫ్రేమ్ పెట్టుకుని డీఎఫ్[ఐ, "సగటు"] అని గడి గడి నింపితే? చేయొచ్చు గానీ ఆ గడిలో రాయడం వెనక ఆర్ భాషలోనే రాసిన పెద్ద ఫంక్షన్ ఒకటి ప్రతిసారీ నడుస్తుంది, అందుకే మ్యాట్రిక్స్ కంటే బాగా నెమ్మది. డేటా.టేబుల్ ప్యాకేజీ వాడేవాళ్లకు సెట్() ఉంది, అది ఉన్నచోటే మార్చేస్తుంది, ఆ తంటా ఉండదు.

లిస్ట్

రెస్ <- వెక్టర్("లిస్ట్", లెంగ్త్(ఫైళ్లు)) అని పెట్టుకుని రెస్[[ఐ]] <- అని నింపండి. ఒక్కో అరలో ఏదైనా పట్టుద్ది: ఒక వరసున్న డేటాఫ్రేమ్, 40 వరసలున్నది, మోడల్, గ్రాఫ్. రౌండుకీ రౌండుకీ సైజు మారినా ఫర్వాలేదు.

దీనికి బదులు కొందరు అసైన్(పేస్ట్0("రెస్", ఐ), ...) అని రాసి రెస్1, రెస్2, రెస్3 అని వేరువేరు వస్తువులు తయారు చేస్తారు. దయచేసి వద్దు. తయారు చేయడం తేలికే, మళ్లీ వాటినన్నిటినీ పోగుచేయడానికి గెట్, ఎంగెట్ అంటూ ఇంకో లూప్ రాయాలి. లిస్ట్‌కి పేర్లు పెట్టుకుంటే రెస్[["పొదిలి"]] అని నేరుగా పిలవొచ్చు.

లిస్ట్‌లో ఉన్న గోతి ఒకటే, కానీ లోతైనది. రెస్[[ఐ]] <- నల్ అని రాస్తే ఆ అరలో నల్ (అంటే అసలేమీ లేదని) కూర్చోదు, ఆ అరే ఎగిరిపోతుంది. మన ఉదాహరణలోనే చూడండి. ముందే పేర్లు పెట్టిన లిస్ట్: ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, ఇట్టా. మూడో రౌండులో కొండపి ఫైలు ఖాళీ, ఫంక్షన్ నల్ ఇచ్చింది. కొండపి అర పోయింది, పొదిలి మూడో స్థానానికి, కనిగిరి నాలుగో స్థానానికి జరిగాయి. నాలుగో రౌండులో పొదిలి ఫలితం వచ్చి నాలుగో స్థానంలో కూర్చుంటుంది, అంటే కనిగిరి పేరు కింద! అక్కణ్ణుంచి ప్రతి కేంద్రం ధరా పక్క కేంద్రం పేరు మీదకి పోతుంది, ఆఖరి రౌండు ఫలితానికి పేరే ఉండదు. లిస్ట్ పొడవు మాత్రం చక్కగా ఎనిమిదే చూపిస్తుంది, కాబట్టి లెంగ్త్ చూసి అంతా సరిగ్గా ఉందనుకుంటారు. తప్పించుకోవడానికి రెండు దారులు: రెస్[ఐ] <- లిస్ట్(నల్) అని ఒంటి బ్రాకెట్‌తో రాయండి, లేదా అసలు నల్ ఇవ్వకుండా ఎన్ఏలు నింపిన ఒక వరస ఇచ్చేట్టు ఫంక్షన్ రాసుకోండి. నా ఓటు రెండోదానికే, ఎందుకో అతికించే దగ్గర తెలుస్తుంది.

ఫర్ బదులు ల్యాప్లై, శాప్లై, వ్యాప్లై

ల్యాప్లై చేసేది పైన చెప్పిన లిస్ట్ పనే, జాగా తీసుకోవడం, నింపడం అదే చూసుకుంటుంది. ఫర్ కంటే మెరుపులా వేగం అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, జాగా ముందే తీసుకున్న ఫర్ లూప్‌తో పోలిస్తే తేడా పెద్దగా ఉండదు, టైమంతా లోపలి ఫంక్షనే తింటుంది. ల్యాప్లై లాభం వేరే ఉంది. ఒక్కో రౌండు పనిని ఫంక్షన్‌గా విడదీసి రాయాల్సి వస్తుంది, ఆ ఫంక్షన్‌ని ఒక్క ఫైలు మీద విడిగా పరీక్షించుకోవచ్చు. రేపు ప్యారలల్‌కి (ఒకేసారి చాలా ప్రాసెసర్ కోర్ల మీద నడపడానికి) మార్చాలన్నా ఒక్క మాట మారిస్తే చాలు. ఇంకోవైపు, ముందు రౌండు ఫలితం తర్వాతి రౌండుకి కావాలంటే, రొయ్యల చెరువులో వారం వారం పెరుగుదల లెక్కగట్టే సిమ్యులేషన్ లాంటిదానికి, ఫర్ లూపే సహజం. అక్కడ ల్యాప్లై లోపల <<- (ఫంక్షన్ బయటి వస్తువుని మార్చే గుర్తు) పెట్టి కుస్తీ పట్టడం అనవసరం.

శాప్లై గురించి కాస్త జాగ్రత్త. అన్ని రౌండ్లూ ఒక్కో అంకె ఇస్తే వెక్టర్ ఇస్తుంది, మూడేసి ఇస్తే మ్యాట్రిక్స్ ఇస్తుంది, ఒక్క రౌండు తేడాగా వస్తే మొత్తం లిస్ట్‌గానే వదిలేస్తుంది, ఇన్‌పుట్ ఖాళీ అయితే ఖాళీ లిస్ట్. అంటే మీ కోడ్ మారకుండానే డేటాని బట్టి ఫలితం రూపం మారిపోతుంది. కన్సోల్‌లో కూర్చుని చూసుకునేటప్పుడు హాయిగా వాడుకోండి, స్క్రిప్ట్‌లో రాసి పెట్టేది మాత్రం వ్యాప్లై అయ్యుండాలి:

వ్యాప్లై(ఫైళ్లు, సగటు_తీయి, న్యూమరిక్(1))

ఆ ఆఖరి న్యూమరిక్(1) అంటే "ప్రతి రౌండూ ఒక్క అంకె ఇవ్వాలి, లేకపోతే ఆపెయ్" అని. ఎనిమిదింటిలో మూడో ఫైలు తేడా చేస్తే "వేల్యూస్ మస్ట్ బి లెంగ్త్ 1" అంటూ ఎన్నో ఎలిమెంట్ దగ్గర తేడా వచ్చిందో కూడా చెప్పి ఆగుతుంది. ప్యూరర్ ప్యాకేజీ వాడేవాళ్లకు మ్యాప్_డీబీఎల్ అదే పని చేస్తుంది. ఇంకో చిన్న సంగతి: శాప్లై గానీ వ్యాప్లై గానీ మూడేసి అంకెలు ఇస్తే ఒక్కో కేంద్రం ఒక్కో కాలమ్‌గా వస్తుంది, వరసగా కాదు. టీ() వేసి తిప్పుకోండి. 3 వరసలు, 8 కాలమ్‌లు చూసి కంగారుపడొద్దు.

లిస్ట్‌ని అతికించడానికి మూడు జిగుర్లు

లిస్ట్ నిండాక దాన్ని ఒక టేబుల్ చేయాలి. డూ.కాల్(ఆర్‌బైండ్, రెస్) బేస్ ఆర్‌లోనే ఉంటుంది, ఏ ప్యాకేజీ అక్కర్లేదు. వందల్లో ముక్కలైతే చాలు, వేలల్లో డేటాఫ్రేమ్‌లైతే మెల్లగా ఉంటుంది. కాలమ్‌లు సరిపోకపోతే "నేమ్స్ డూ నాట్ మ్యాచ్ ప్రీవియస్ నేమ్స్" అనో, కాలమ్‌ల సంఖ్య కలవట్లేదనో చెప్పి ఆగుతుంది. డేటాఫ్రేమ్‌లు కాకుండా వట్టి వెక్టర్లు ఇస్తే మాత్రం పొట్టి వెక్టర్‌ని సాగదీసి నింపేస్తుంది. మిగతావాళ్లు మూడేసి అంకెలు ఇచ్చి ఒక్క కేంద్రం ఒక్క అంకె ఇస్తే, ఆ అంకే మూడుసార్లు పడుతుంది, చప్పుడు కాదు.

డీప్లయర్‌లోని బైండ్_రోస్ నాకు ఇష్టమైనది. ఒక ఫైల్లో లేని కాలమ్ ఇంకో ఫైల్లో ఉంటే ఎన్ఏ పెట్టి కలిపేస్తుంది. .ఐడీ = "కేంద్రం" అని ఇస్తే లిస్ట్ పేర్లను ఒక కాలమ్‌గా తెచ్చి పెడుతుంది, ఏ వరస ఎక్కడిదో వెతుక్కోవాల్సిన టెన్షన్ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, టైపుల దగ్గర అది కఠినం. ఏదో ఒక ఫైల్లో ధర కాలమ్‌లో ఎవరో "నో బిడ్" అని కొట్టారనుకోండి, ఆ కాలమ్ మొత్తం అక్షరాలుగా చదవబడుతుంది. బైండ్_రోస్ ఆ అంకెలనూ ఈ అక్షరాలనూ కలపనని మొరాయిస్తుంది. విసుగొస్తుంది గానీ మీ మేలు కోరేది అదే.

డేటా.టేబుల్‌లోని ఆర్‌బైండ్‌లిస్ట్ వేగానికి పెట్టింది పేరు, లక్ష ముక్కలున్నా ఇట్టే కలిపేస్తుంది. ఫిల్ = ట్రూ అంటే లేని కాలమ్‌లు నింపుతుంది, ఐడీకోల్ ఉంది. కానీ పై "నో బిడ్" కేసులో ఇది గొడవ చేయదు, మొత్తం ధర కాలమ్‌ని అక్షరాలుగా మార్చి ఇచ్చేస్తుంది. బేస్ ఆర్‌బైండ్ కూడా అంతే. కాబట్టి వీటితో అతికించాక ఎస్టీఆర్() కొట్టి కాలమ్ టైపులు ఒకసారి చూడటం తప్పనిసరి. కాలమ్‌ల వరస ఫైలుకీ ఫైలుకీ మారుతుంటే యూజ్.నేమ్స్ = ట్రూ కూడా పెట్టండి.

మ్యాప్_డీఎఫ్ఆర్ (లూప్ తిప్పి టేబుల్‌గా కలిపిచ్చే ప్యూరర్ ఫంక్షన్) ఏమైందని అడుగుతారు. పాత పాఠాల్లో అంతా అదే ఉంటుంది. 2022 డిసెంబర్‌లో ప్యూరర్ 1.0.0 వచ్చినప్పటి నుంచి దాన్ని పక్కన పెట్టి, మ్యాప్ చేసి లిస్ట్_ఆర్‌బైండ్ వేయమంటున్నారు. పాత కోడ్ ఉంటే కంగారుగా మార్చక్కర్లేదు, కొత్తగా రాసేవాళ్లు కొత్త దారిలో పోండి. అలాగే 2020కి ముందు రాసిన స్క్రిప్టులు చదువుతుంటే స్ట్రింగ్స్‌యాజ్‌ఫ్యాక్టర్స్ = ఫాల్స్ (అక్షరాల్ని ఫ్యాక్టర్లుగా మార్చొద్దని) అని ప్రతిచోటా కనిపిస్తుంది, ఆ ఏడాది వచ్చిన 4.0.0 నుంచి అదే డిఫాల్ట్ అయింది.

నల్ సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. ఈ మూడూ నల్‌ని మాటామంతీ లేకుండా వదిలేస్తాయి. ఎనిమిది కేంద్రాలు పంపితే ఏడు వరసలు వస్తాయి, ఏది పోయిందో చెప్పవు. అందుకే ఫంక్షన్ నల్ బదులు, కేంద్రం పేరుతో ఎన్ఏలున్న వరస ఇస్తే ఆ కేంద్రం టేబుల్లో కనబడుతూనే ఉంటుంది.

అతికించేముందు పేర్లు కూడా చూసుకోండి, మన జిల్లాల డేటాతో ఇది మామూలు గొడవ కాదు. ఒక ఫైల్లో టంగుటూరు, ఇంకోదాంట్లో టంగుటూర్. కందుకూరు డివిజన్ 2022 ఏప్రిల్ పునర్విభజనలో ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్లింది, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఏళ్ల తరబడి మండలాల వానల డేటా కలిపేవాళ్లు జిల్లా కాలమ్‌ని నమ్మి గ్రూప్ చేస్తే, ఆ ఏడాది నెల్లూరు అంకెలు ఎందుకు ఎగిరాయో అర్థంకాక జుట్టు పీక్కోవాల్సిందే. మండలం కోడ్ ఒకటి పెట్టుకుని దానిమీద కలపండి, జిల్లా పేరు ఆఖర్న అతికించుకోవచ్చు.

మధ్యలో ఎర్రర్ వస్తే

ల్యాప్లైలో 990వ రౌండు పడిపోతే ముందు చేసిన 989 కూడా పోతాయి, ఏమీ తిరిగి రాదు. ఫర్ లూప్‌లో ఆ బాధ తక్కువ, నింపినంతవరకు డబ్బాలో ఉంటాయి. అందుకే ల్యాప్లై లోపలి పనిని ట్రైక్యాచ్‌లో చుట్టండి, ఎర్రర్ వస్తే ఆ మెసేజ్‌నే ఫలితంగా ఇచ్చేట్టు. ప్యూరర్‌లో సేఫ్లీ, పాసిబ్లీ ఉన్నాయి. సేఫ్లీ ఫలితమూ ఎర్రరూ రెండూ దాచిస్తుంది, పాసిబ్లీ ఎర్రర్ బదులు మీరు చెప్పిన విలువ పెడుతుంది. మొదటిసారి నడిపేటప్పుడు సేఫ్లీ వాడండి, ఏ ఫైలు ఎందుకు పడిందో తెలియకుండా ఎన్ఏ పెట్టుకుని ముందుకు పోవడం మంచిది కాదు.

మోడళ్లు దాచుకునేవాళ్లకి

రౌండుకో ఎల్ఎం (లీనియర్ మోడల్ వేసే ఫంక్షన్) వేసి మొత్తం వస్తువుని లిస్ట్‌లో తోస్తారు. ఆ వస్తువులో గుణకాలు మాత్రమే ఉండవు, రెసిడ్యువల్స్, ఫిట్టెడ్ విలువలు, వాడిన డేటా, లెక్కకోసం వాడిన క్యూఆర్ మ్యాట్రిక్స్ అన్నీ ఉంటాయి. 5,000 వరసల డేటా మీద 1,000 బూట్‌స్ట్రాప్ మోడళ్లు దాస్తే వందల ఎంబీలు ర్యామ్ తింటుంది. మీకు కావాల్సింది 3 గుణకాలే అయితే అవి మొత్తం కలిపి 24 కేబీ. కోయెఫ్() తీసి మ్యాట్రిక్స్‌లో పెట్టుకుని మోడల్‌ని వదిలేయండి. స్టాండర్డ్ ఎర్రర్, పీ విలువ కూడా కావాలంటే బ్రూమ్ ప్యాకేజీలో టైడీ వేస్తే చిన్న డేటాఫ్రేమ్ వస్తుంది, దాన్ని లిస్ట్‌లో వేసి తర్వాత అతికించండి. గ్రూపులు పది, ఇరవై ఉండి తర్వాత డయాగ్నస్టిక్ ప్లాట్లు వేసుకోవాలంటే మాత్రం మొత్తం మోడల్ ఉంచుకోవడమే నయం.

రెండు లూపులు ఒకదాంట్లో ఒకటి ఉన్నప్పుడు, శాంపిల్ సైజులు నాలుగు, ఎఫెక్ట్ సైజులు ఐదు అనుకోండి, ఏ గడిలో రాయాలో లెక్కగడుతూ బుర్ర పాడుచేసుకోకండి. ఎక్స్‌పాండ్.గ్రిడ్‌తో 20 వరసల టేబుల్ చేసి, దాని వరసల మీద ఒక్కటే లూప్ తిప్పండి. ఫలితాన్ని ఆ టేబుల్‌కే కొత్త కాలమ్‌గా తగిలిస్తే ఏ ఫలితం ఏ సెట్టింగ్‌దో పక్కనే కనిపిస్తుంది.

గంటలు నడిచే పని: ఫైల్లోకి

రౌండుకి నిమిషం పైన పట్టే పనిని మెమరీలో దాచుకోవడం నాకు నచ్చదు. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, విండోస్ అప్‌డేట్ ఎప్పుడు రీస్టార్ట్ కొడుతుందో అసలే తెలియదు. ప్రతి రౌండు చివర సేవ్ఆర్‌డీఎస్‌తో ఒక ఫైలు రాయండి, రౌండు మొదట్లో ఫైల్.ఎగ్జిస్ట్స్ అని అడిగి, ఉంటే నెక్స్ట్. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆగినచోటి నుంచే పోతుంది. రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైలు మిగిలి, అది ఉంది కదా అని లూప్ దాటేసే ప్రమాదం ఉంది, కాబట్టి ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక ఫైల్.రీనేమ్‌తో అసలు పేరు పెట్టండి. ఫైళ్ల పేర్లలో నంబర్లు 0001, 0002 అని సున్నాలతో నింపండి, లేకపోతే లిస్ట్.ఫైల్స్ వరసలో 10 అనేది 2 కంటే ముందొస్తుంది. చిన్న పనికి ఇదంతా అనవసరం, ఎనిమిది కేంద్రాల సగటుకి ఎనిమిది ఆర్‌డీఎస్ ఫైళ్లు రాస్తే నవ్వుతారు.

స్టాటా అనే ఇంకో గణాంక సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకు పోస్ట్‌ఫైల్, పోస్ట్, పోస్ట్‌క్లోజ్ అనే మూడు కమాండ్లు సరిగ్గా ఇందుకోసమే ఉన్నాయి, 16వ వెర్షన్ నుంచి ఫ్రేమ్ పోస్ట్ కూడా వచ్చింది. పైథాన్‌లో అయితే మామూలు లిస్ట్‌కి అపెండ్ చేసుకుంటూ పోయి చివర్న ఒక్కసారి పాండాస్ ప్యాకేజీలోని పీడీ.కాన్‌క్యాట్. డేటాఫ్రేమ్‌కి నేరుగా అపెండ్ చేసే పద్ధతిని 2023లో వచ్చిన పాండాస్ 2.0లో తీసేశారు, పాత కోడ్ కాపీ చేసి ఎర్రర్ వస్తే కారణం అదే.

ప్యారలల్

దీనికి మారాలనుకుంటే రౌండ్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడకూడదు, ఒక్కో రౌండూ కాస్త బరువుగా ఉండాలి. క్షణంలో అయిపోయే పనిని నాలుగు కోర్లకు పంచితే పంచడానికి పట్టే టైమే ఎక్కువ. ఫలితాలు పోగుచేయడంలో పెద్ద తేడా ఏంటంటే, ఫర్ఈచ్ (ప్యారలల్ లూప్ నడిపే ప్యాకేజీ) లోపల రెస్[[ఐ]] <- అని రాస్తే ఆ రాత వర్కర్ (పని పంచుకున్న వేరే ఆర్ ప్రాసెస్) దగ్గరే ఆగిపోతుంది, మీ సెషన్‌లోని రెస్ ఖాళీగానే ఉంటుంది. లోపలి బ్లాకు ఆఖరి విలువే వెనక్కి వస్తుంది, కాబట్టి రెస్ <- ఫర్ఈచ్(...) అని బయట పట్టుకోవాలి. ఏమీ చెప్పకపోతే లిస్ట్ ఇస్తుంది, .కంబైన్ = ఆర్‌బైండ్ అంటే కలిపి ఇస్తుంది. నేను లిస్ట్‌గానే తీసుకుని బైండ్_రోస్ వేస్తా.

ఎంసీల్యాప్లై (ల్యాప్లైకి ప్యారలల్ రూపం) రాయడానికి సులువు, లైనక్స్, మ్యాక్‌లలో బాగుంటుంది, విండోస్‌లో ఒకటికంటే ఎక్కువ కోర్లు ఇస్తే ఒప్పుకోదు. మన దగ్గర ల్యాబుల్లో ఎక్కువగా విండోసే కాబట్టి పార్‌ల్యాప్లై, లేదా ఫ్యూచర్.అప్లై ప్యాకేజీలోని ఫ్యూచర్_ల్యాప్లై చూసుకోండి. రెండోది తేలిక, ల్యాప్లై కోడ్‌లో పేరు మార్చి పైన ప్లాన్(మల్టీసెషన్) అని పెడితే చాలు. సిమ్యులేషన్ అయితే పైన సెట్.సీడ్ (యాదృచ్ఛిక అంకెలు ప్రతిసారీ అవే వచ్చేట్టు చేసేది) పెట్టినంత మాత్రాన వర్కర్ల దగ్గర అదే వరస రాదు. ఫ్యూచర్_ల్యాప్లైలో ఫ్యూచర్.సీడ్ = ట్రూ పెట్టి ముందు సెట్.సీడ్ ఇవ్వండి, పార్‌ల్యాప్లైకి అయితే క్లస్టర్‌సెట్ఆర్ఎన్‌జీస్ట్రీమ్ ఉంది. ఫ్యూచర్.సీడ్ పెడితే కోర్లు రెండైనా ఎనిమిదైనా అవే అంకెలొస్తాయి, గైడు గారి కంప్యూటర్‌లోనూ అవే.